పదిహేడు శాతం సముద్రం

పగడాల లంకలో సముద్రం తడిగా ఉంటుందన్న సంగతి పైవాళ్ళకి తెలిసింది ధర్మలింగేశ్వరరావు గారు వచ్చాకే. అంతకుముందు పనిచేసిన అధికారులంతా ఆ విషయం దాచిపెట్టారు.

మా లంక మ్యాపులో ఈగ వాలినంత ఉంటుంది. ఓడలో రెండు రోజుల ప్రయాణం. చుట్టూ అడుగుదాకా కనిపించే నీళ్ళు, ఆ నీళ్ళ కింద పగడాల తోట, తోటనిండా రంగురంగుల చేపలు. జనం ఓడ దిగి, జెట్ స్కీ ఎక్కి కేకలేస్తారు, అరటిపండు ఆకారంలో ఉన్న రబ్బరు బోటు ఎక్కి బోల్తా పడతారు, ఓపికున్నవాళ్ళు ముఖానికి అద్దం తొడుక్కుని, నోట్లో గొట్టం పెట్టుకుని, నీళ్ళమీద బోర్లా తేలుతూ చేపల్ని చూస్తారు. ఆ బోర్లా తేలేవాళ్ళ చెయ్యి పట్టుకుని చేపల దగ్గరికి తీసుకెళ్ళడం నా ఉద్యోగం. పడవ మా గరగయ్య మామది. నా పేరు దానేసు. నామీద ఊళ్ళో ఉన్న ఫిర్యాదు ఒకటే, నోరు ఊరుకోదని.

ధర్మలింగేశ్వరరావు గారు ఇరవై రెండేళ్ళు ధాన్యం కొనుగోలు కేంద్రాల్లో పనిచేశారు. రైతు తెచ్చిన వడ్లలో తేమ పదిహేడు శాతం దాటితే వెనక్కి పంపడం ఆయన పని. ఆయన వెనక్కి పంపిన బస్తాలన్నీ వరసగా పేరిస్తే మా లంకదాకా వంతెన అయ్యేదని చెప్పుకుంటారు. అంత సేవ చేశాక ప్రమోషన్ ఇవ్వక తప్పలేదు. ఖాళీ మా జలక్రీడల మండలిలోనే ఉంది. వడ్లకీ సముద్రానికీ ఏమిటి సంబంధమని మేమూ అనుకున్నాం. సంబంధం ఆయన చేతిపెట్టెలో ఉంది. తేమ మీటరు.

మొదటిరోజు ఒడ్డుకొచ్చి నిలబడ్డారు. అప్పుడే మా పడవ దిగి పన్నెండుమంది వస్తున్నారు, జుట్టునుంచీ చొక్కాలనుంచీ నీళ్ళు కారుతూ. ఆయన ముఖం పాలిపోయింది.

“ఏమయ్యా, వీళ్ళంతా ఎవరు?”

“టూరిస్టులండి.”

“వీళ్ళు తడిసి ఉన్నారు.”

“అవునండి. సముద్రంలోంచి వస్తున్నారు.”

“వెళ్ళేటప్పుడు పొడిగానే వెళ్ళారా?”

“పొడిగానే వెళ్ళారండి.”

“అంటే మన అధీనంలో ఉండగా తడిశారన్నమాట.” ఆయన పక్కనున్న సూపరింటెండెంట్ భ్రమరాంబ గారివైపు తిరిగారు. “నోట్ చేసుకోండి. తడి సరుకు నిల్వచేస్తే ఏమవుతుందో తెలుసా? మొలకలొస్తాయి. రేపు మొలకలొస్తే బాధ్యత ఎవరిది?”

భ్రమరాంబ గారు నోట్ చేసుకున్నారు. ఆవిడకి ఇది తొమ్మిదో అధికారి. ఏమన్నా నోట్ చేసుకుంటారు. నవ్వగా నేను ఎప్పుడూ చూడలేదు.

మూడోరోజుకల్లా ఉత్తర్వు వచ్చింది. “పై విషయమై తెలియజేయునది ఏమనగా, జలక్రీడలలో పాల్గొని తిరిగివచ్చు ప్రతి పర్యాటకుని యందు తేమ పదిహేడు శాతమునకు మించరాదు. మించినచో సదరు పర్యాటకుని ఓడ ఎక్కుటకు అనుమతించబడదు.”

మీటరులో వడ్లు పోసే చిన్న గిన్నె ఉంటుంది. అందులో మనిషిని పొయ్యడం కుదరదు గనక చిటికెనవేలు పెట్టమన్నారు. నేను ఊరుకుంటే బాగుండేది. పడవలో అందరికీ చెప్పాను, ఎడమచేతి చిటికెనవేలు ఒక్కటీ తడవకుండా పైకెత్తి పట్టుకోండి అని. ఆ వారమంతా మా సముద్రం చూడ్డానికి రెండు కళ్ళూ చాల్లేదు. కింద నూటయాభైమంది చేపలు చూస్తున్నారు, పైన నూటయాభై చిటికెనవేళ్ళు ఆకాశం చూస్తున్నాయి. అందరికీ పన్నెండు, పదమూడు శాతమే వచ్చింది. ఓ తాతగారికి తొమ్మిది వస్తే సారు ఆయన్ని పక్కన నిలబెట్టుకుని ఫొటో తీయించుకున్నారు.

ఎనిమిదోరోజు సారుకి అనుమానం వచ్చి బైనాక్యులర్స్ తెప్పించారు. తొమ్మిదోరోజు సవరణ ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట వేలు కాదు, జుట్టు.

జుట్టుతో గొడవ మొదలైంది. చిలకలూరిపేట నుంచి కొత్తగా పెళ్ళైన జంట వచ్చారు. క్రాపు వేసుకున్న భర్త పదహారుతో పాసయ్యాడు. నడుందాకా జడ ఉన్న భార్య ముప్పైనాలుగుతో ఫెయిలయింది.

“ఏమండీ, మీరు ఓడెక్కి వెళ్ళిపోతారా ఏంటి?” అంది ఆ అమ్మాయి.

“నిబంధన కదా విజయా,” అన్నాడు అతను. పెళ్ళై తొమ్మిది రోజులే అయింది, అతనికి ఇంకా ఏమీ తెలియదు.

సారు తల పట్టుకున్నారు. “ఫెయిలైన వారిని ఆరబెట్టే సౌకర్యం మన దగ్గర లేదా?”

అప్పుడు కూడా నేను ఊరుకుంటే బాగుండేది. “పరదాలు పరిచి ఎండలో పడుకోబెట్టండి సార్. గంటకోసారి తిరగేస్తే సమంగా ఆరతారు,” అన్నాను.

ఎవరైనా నవ్వుతారని చూశాను. సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఇరవై రెండేళ్ళలో ఇంత స్పష్టంగా మాట్లాడిన మనిషిని చూడలేదు. భ్రమరాంబ గారూ, నోట్ చేసుకోండి.”

ఆవిడ నోట్ చేసుకుంటూ ఒక్కసారి తలెత్తి నావైపు చూశారు. చాలాసేపు.

మర్నాటినుంచి ఒడ్డు పొడుగునా నీలం పరదాలు. వాటిమీద వరసగా టూరిస్టులు. గంట కాగానే విజిల్. “తిరగండి!” అని భ్రమరాంబ గారు అనగానే రెండొందలమంది ఒక్కసారి వెల్లకిలా నుంచి బోర్లా తిరిగేవాళ్ళు. మబ్బు పడితే ఆఫీసు సిబ్బంది పరిగెత్తుకుంటూ వచ్చి పరదా అంచులు మడిచి టూరిస్టుల్ని కప్పేవాళ్ళు. వాన తగిలితే మళ్ళీ మొదటినుంచీ ఆరబెట్టాలి మరి.

ఆరబెట్టడానికి రోజంతా పడుతోంది, ఓడలు ఆగిపోతున్నాయి. సారు మళ్ళీ నన్ను పిలిపించారు. అప్పటికి నేను ఆయనకి సలహాదారునైపోయాను.

“దానేసూ, మూలంలోనే నివారించే మార్గం ఏదైనా?”

“నీళ్ళలోకి దిగకపోతే తడవరు కదా సార్.”

ఆయన కుర్చీలోంచి లేచి నాకు చెయ్యిచ్చారు. నేను నిజంగా జోకే వేశాను. అయితే ఆఫీసుల్లో జోకుకీ ప్రతిపాదనకీ తేడా ఉండదని నాకప్పటికి తెలియదు.

పొడి జలక్రీడలు అలా పుట్టాయి. జెట్ స్కీలని ఇసకలో పెట్టి ట్రాక్టరుతో లాగారు. అరటిపండు బోటుకి చక్రాలు బిగించి లంక చుట్టూ రోడ్డుమీద తిప్పారు. బోల్తా పడే మజా పోకూడదని మలుపు దగ్గర గడ్డి పరిచి అక్కడ బోల్తా వేసేవాళ్ళు. మా గరగయ్య మామ పడవని ట్రాలీమీదకెక్కించారు. మామ అందులో కూర్చుని రోడ్డుమీద తెడ్డు వేసేవాడు.

“ఏట్రా అల్లుడా, నీ నోరు తగలెయ్య,” అన్నాడు మామ ట్రాలీ మీంచి. “మా తాత ముత్తాతలు తుపానుల్లో పడవేసినారు. నాకీయేల బస్టాండు దగ్గిర కుక్క అడ్డమొచ్చింది.”

చేపలు చూడాలనుకునేవాళ్ళకి సమావేశ మందిరంలో ఏర్పాటు. అద్దం తొడుక్కుని, గొట్టం పెట్టుకుని, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవాలి. ఎదురుగా గోడమీద పెద్ద చేపల పోస్టరు. సముద్రం చుట్టూ తాడు కట్టి కాపలా పెట్టారు. తాడు అవతల ఎవరైనా పరిమితికి మించి తడిసి దొరికితే పడవ లైసెన్సు రద్దు. లంకలో చేపల దగ్గరికెళ్ళే పడవ ఒక్కటే, అది మామది. కాబట్టి దొంగచాటుగా దిగే దారి కూడా లేదు.

ఇంత జరిగినా నేను నవ్వుతూనే ఉన్నాను. అలాంటి రోజుల్లో ఫోను వచ్చింది.

“ఒరే దానేసూ, నానొచ్చెస్తన్నాన్రా. ఓడెక్కీసినాను.”

మా అమ్మమ్మ. పేరు ఎర్రమ్మ. డెబ్భైమూడేళ్ళు. నలభయ్యేళ్ళపాటు చేపలతట్ట నెత్తిన పెట్టుకుని సోంపేట వీధులన్నీ తిరిగింది. తాత వేటకెళ్ళేవాడు, ఆవిడ అమ్మేది. ఆడవాళ్ళు వేటకెళ్ళే ఆనవాయితీ లేదు గనక ఆవిడ చూసిన చేపలన్నీ చచ్చినవే. నేను ఈ ఉద్యోగంలో చేరినప్పుడు ఒక్కటే అడిగింది. “ఆటిని బతికుండగా ఆటింట్లో ఒక్కపాలి సూపించు నాయినా.” వీధంతా చెప్పుకుని బయల్దేరింది. మోకాళ్ళు అరిగిపోయిన మనిషి, ఓడలో రెండు రోజులు మెట్లమీద కూర్చుని వచ్చింది.

ఓడ మర్నాడు సాయంత్రమే తిరిగి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత గాలివానల కాలం, నాలుగు నెలలు ఓడ రాదు. ఈసారి తప్పిపోతే ఆవిడకి ఇంకోసారి ఉంటుందని ఎవరు చెప్పగలరు?

నాకు ఆ పూట మొదటిసారి నవ్వు రాలేదు.

తీసుకెళ్ళి సమావేశ మందిరంలో కూర్చోబెట్టాను. వేరే దారి లేదు. అద్దం తొడిగాను, గొట్టం ఇచ్చాను. ఆవిడ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పోస్టరు వైపు ఒక నిమిషం చూసి గొట్టం పీకేసింది.

“ఏట్రా ఇది?”

“చేపలే అమ్మమ్మా.”

“సేపలు నాకు తెల్దేట్రా? ఆ పచ్చదాని కన్ను సూడు. గుంటడిపోనాది. మూడ్రోజులనాటి సరుకు. ఈ ఎర్రదానికి పొట్ట ఉబ్బీసింది. బేరానికొస్తే ఇసిరి కొడతాను. సచ్చిన సేపలకి ఫొటోలు తీసీసి గోడకి అంటించినారు.” మందిరంలో గొట్టాలు పెట్టుకుని కూర్చున్న పాతికమందీ గొట్టాలు తీసి పోస్టరు వైపు అనుమానంగా చూశారు.

“సముద్రంలోకి వెళ్ళనివ్వరు అమ్మమ్మా. రూలు.”

“ఏ దగుల్బాజీ ఎట్టినాడ్రా ఆ రూలు?”

నేను కింద చూశాను. భ్రమరాంబ గారు తలుపు దగ్గర ఫైలు పట్టుకుని నిలబడి ఉన్నారు. “సలహా ఇతనిదేనండి,” అన్నారు మెల్లగా.

అమ్మమ్మ నన్ను ఓ మాట అంటే బాగుండేది. అద్దం తీసి ఒళ్ళో పెట్టుకుని, కొంగుతో తుడిచి, నా చేతికిచ్చింది. “పోనీలే నాయినా. ఓడలోంచి నీలినీళ్ళు సూసినాను. సాల్లే.”

రాత్రంతా నిద్ర పట్టలేదు. తెల్లారగానే ఆఫీసు తలుపు దగ్గర కూర్చున్నాను. భ్రమరాంబ గారు తాళం తీస్తూ, “ఉత్తర్వులు ఇస్తారే గానీ ఎవరూ చదవరు దానేసూ,” అన్నారు. “నువ్వయినా చదివావా?”

“వద్దు మేడమ్, నాకు రూళ్ళు వద్దు.”

“మూడో సవరణ చదువు,” అని ఫైలు నా ఒళ్ళో పడేసి లోపలికెళ్ళిపోయారు.

మూడో సవరణ ఎందుకొచ్చిందంటే, సారు ఒళ్ళు చెమట ఒళ్ళు. లంకలో ఉక్క కూడా అలాగే ఉంటుంది. ఓసారి ఆయన ఊరెళ్ళాలని ఓడ దగ్గరికి వెళితే నిబంధన ప్రకారం ఆయన్నీ కొలవాల్సి వచ్చింది. తలమీద జుట్టు లేదు గనక చొక్కా కాలరు కొలిచారు. ముప్పైఒకటి. ఓడ ఆయన్ని వదిలేసి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే సవరణ రాయించారు: “పదిహేడు శాతము గానీ, ప్రవేశ సమయమున నమోదైన తేమ గానీ, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే అది గరిష్ఠ పరిమితిగా పరిగణించవలెను.” అంటే తడిగా వచ్చినవాడు తడిగా పోవచ్చు.

పరిగెత్తుకెళ్ళి అమ్మమ్మకి చదివి వినిపించాను. రెండుసార్లు విన్నది. తర్వాత నడుంకి కొంగు దోపుకుంది.

“అదేట్రా, ఇది మా యాపారమే. బేరానికి ముందు సరుకు మీద నీళ్ళు సల్లుకోవాల. బకీటు అట్టుకురా.”

తాడు దగ్గర మేజా వేసుకుని సారు కూర్చున్నారు, ముందు తేమ మీటరు. భ్రమరాంబ గారు రిజిస్టరు తెరిచారు. అప్పటికే జనం మూగారు. ట్రాలీమీద తెడ్డు వేసుకుంటూ గరగయ్య మామ కూడా వచ్చాడు.

అమ్మమ్మ మేజా ముందు నిలబడి, నూతి నీళ్ళ బకెట్ రెండు చేతులా ఎత్తి, తలమీదనుంచి గుమ్మరించుకుంది. నలభయ్యేళ్ళు తట్ట మోసిన చేతులు, బొట్టు వొలకలేదు. అంతా ఆవిడమీదే పడింది.

“ఇప్పుడు కొలు బాబూ,” అంది.

సారు లేచి నిలబడ్డారు. “ఏమిటిది! కొలతకు ముందు నీళ్ళు కలపడమా? అమ్మా, ఇది కల్తీ! ఇరవై రెండేళ్ళలో ఇలాంటి వాళ్ళని ఎంతమందిని వెనక్కి పంపానో తెలుసా?”

“నానెప్పుడు పొడిగా ఉన్నాను బాబూ? నలభయ్యేళ్ళు తట్టలోంచి నీళ్ళు నెత్తి మీద కారతానే ఉన్నాయి. నాను పుట్టిందే తడి. నీకు అనుమానమైతే సోంపేటొచ్చి అడుగు.”

“నిబంధన ఒప్పుకోదు!”

“ఏ నిబంధన సార్?” అన్నారు భ్రమరాంబ గారు, రిజిస్టరు మీంచి తల ఎత్తకుండా. “ప్రవేశ సమయంలో తడి ఉండకూడదని ఎక్కడా లేదండి. ఉంటే తమరు ఆరోజు…”

సారు కాలరు సర్దుకున్నారు. జనం ఆయన కాలరు వైపు చూశారు. కాలరు తడిగానే ఉంది.

కొలిచారు. మీటరులో నలభైకి పైన అంకెలు లేవు. ముల్లు నలభై దగ్గర కొట్టుకుని అక్కడే నిలబడిపోయింది. “ప్రవేశ తేమ, నలభై,” అని చదివి రాసుకున్నారు భ్రమరాంబ గారు. “బయటికొచ్చేటప్పుడు ఇంతకంటే ఎక్కువ చూపించడానికి మీటరులో చోటు లేదు సార్. వెళ్ళమంటారా?”

సారు ఏమీ అనలేదు. ఆఫీసు భాషలో దాన్ని అంగీకారం అంటారు.

గరగయ్య మామ పడవని ట్రాలీ మీంచి దించుతుంటే ఎవరూ అడగకుండానే నలభైమంది చెయ్యి వేశారు. చిలకలూరిపేట అతను కూడా వేశాడు. భార్య జడ ఇంకా ఆరలేదని అతను లంకలోనే ఉండిపోయాడు. అప్పటికి కాస్త తెలివొచ్చింది.

పగడాల మీదికి చేరాక అమ్మమ్మని నడుంకి రబ్బరు ట్యూబు కట్టి దింపాను. అద్దం సరిచేశాను. చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ ముఖం నీళ్ళలో పెట్టింది.

మొదట నా చెయ్యి గట్టిగా బిగించింది. తర్వాత మెల్లగా వదులైంది.

కింద పసుపు పగడం చుట్టూ చారల చేపలు తిరుగుతున్నాయి. ఓ పచ్చచేప నోటితో పగడాన్ని కొరుకుతోంది, ఆ టకటకలు నీళ్ళలో వినిపిస్తున్నాయి. కానాగంతల గుంపొకటి వెండిగుడ్డ పరిచినట్టు వచ్చి, మా ఇద్దరి మధ్య విడిపోయి, వెనక మళ్ళీ కలిసిపోయింది. దూరంగా ఇసకలోంచి చేటలాంటి టేకుచేప లేచి రెక్కలాడించుకుంటూ పోయింది. అమ్మమ్మ గొట్టంలోంచి ఏదో అంటోంది. బుడగల్లో మాటలు తెలియలేదుగానీ ఆ పాట నాకు తెలుసు. సోంపేట వీధుల్లో చేపల పేర్లు వరసగా పిలిచే పాట. ఇప్పుడు అమ్మడానికి కాదు, వచ్చినవాళ్ళని వచ్చినట్టు పలకరిస్తోంది.

చాలాసేపు ముఖం పైకెత్తలేదు. మామ రెండుసార్లు పిలిచాడు. మూడోసారి నేనే వద్దన్నాను.

ఒడ్డుకొచ్చాక కొలిచారు. నలభై. భ్రమరాంబ గారు “నిష్క్రమణ తేమ నలభై. వ్యత్యాసం శూన్యం. ఒక్క చుక్క కూడా తడవలేదు,” అని గట్టిగా చదివి, సంతకం పెట్టి, అప్పుడు నవ్వారు. చిన్న నవ్వే. నేను చూశాను.

వెనక బకెట్ల కోసం వరస కట్టేశారు జనం. సారు ఆ వరసని అటునుంచి ఇటు, ఇటునుంచి అటు చూశారు. ఆయన ముఖంలో మెల్లగా వెలుగొచ్చింది.

“భ్రమరాంబ గారూ, నోట్ చేసుకోండి. ప్రవేశ పూర్వ తడి పథకం. ఇకమీదట ప్రతి పర్యాటకుడూ సముద్రంలో దిగుటకు ముందు విధిగా ఒక బకెట్ నీటితో తడిసి ఉండవలెను. పొడిగా వచ్చినచో అనుమతించబడదు. ఈ ఆలోచన మన కార్యాలయంలోనే రూపుదిద్దుకున్నదని పైవారికి నివేదించండి.”

ఆ ఏడు ఉత్తమ కార్యాలయ పురస్కారం మాకే వచ్చింది. మిగతా దీవులనుంచి అధ్యయన బృందాలు వచ్చాయి. ఇప్పుడు నూతిలో నీళ్ళు చాలక, బకెట్లు సముద్రంలోనే ముంచి తెచ్చి, ఒడ్డున నిలబెట్టి తడిపి, ఆ తర్వాత సముద్రంలోకి పంపుతున్నాం. ఇది ఎవరి సలహా అని అడక్కండి. నేను నోరు మెదపడం మానేశాను.

అమ్మమ్మ చేపల్ని చూసిన ఆ సాయంత్రమే ఆవిడని ఓడ దగ్గరికి తీసుకెళ్ళాను. తడిచీరతోనే ఎక్కింది, రిజిస్టరులో హక్కుంది మరి. మెట్లమీద కూర్చుని చాలాసేపు నీళ్ళవైపే చూసింది.

“ఎలా ఉన్నాయి అమ్మమ్మా?”

“మా దగ్గిరికొచ్చీసినాయి కదరా. నా ఏళ్ళు కూడా ముట్టుకున్నాయి.” చేతివేళ్ళు చూసుకుంది. “నలభయ్యేళ్ళు ఆళ్ళ అమ్మల్నీ అమ్మమ్మల్నీ తట్టలో ఏసుకుని అమ్మినాను. ఒక్కటీ నన్ను పోల్చుకోలేదురా.”

కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేను గబుక్కున చుట్టూ చూశాను. మీటరు పట్టుకుని ఎవరూ లేరు.